పూలదండలు వేసిన చేతులే

ఎన్నికలు ముగిసి ఎన్నో రోజులైనా, మా పేటలోని ఇద్దరు అన్నదమ్ముల మధ్య సలాము తిరిగి మొదలు కాలేదు. చెరొక నాయకుణ్ణి అభిమానించడమే కారణం. మస్జిదులో ఒకే వరుసలో నిలబడి నమాజు చేస్తారు. బయటికి రాగానే ముఖాలు తిప్పుకుంటారు. వారిని చూసినప్పుడల్లా మాకు తెలుగునాడు కళ్ళారా చూసిన ఒక చరిత్ర గుర్తుకు వస్తుంది.

1982 మార్చిలో పార్టీ స్థాపించిన నందమూరి తారక రామారావు, 1983 జనవరిలోనే అధికారం చేపట్టారు. 1984 ఆగస్టులో గవర్నరు ఆయనను తొలగించినప్పుడు ప్రజలు వీధుల్లోకి వచ్చారు. నెల తిరిగేసరికి ఆయన మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. అదే ప్రజలు 1989లో ఆయన పార్టీని గద్దె దించారు. కల్వకుర్తిలో ఆయననే ఓడించారు. 1994లో 294 స్థానాలలో 200కు పైగా మళ్ళీ ఆ పార్టీకే కట్టబెట్టారు. తొమ్మిది నెలలు నిండకముందే సొంత శాసనసభ్యులు ఆయనను విడిచిపోయారు. వారు మకాం వేసిన హోటలు ముందుకు వెళితే ఆయనపై చెప్పులు పడ్డాయి. ఒకనాడు ఆకాశానికెత్తిన పత్రికా ప్రపంచంలోనే ఆయన నవ్వులపాలయ్యారు. 1996 జనవరి 18న ఆయన కన్నుమూయగానే, అంతిమయాత్రకు జనం మళ్ళీ పోటెత్తారు.

పాలన నచ్చకపోతే ఓటుతో దించడం ప్రజల హక్కు. దానిని చపలచిత్తమనలేము. కాని నిన్న ఒకనిలో ఏ లోపమూ చూడనివాడు నేడు ఏ మంచినీ చూడలేకపోతే, అతడు నిన్నా నేడూ కూడా న్యాయపు త్రాసు చేత పట్టలేదన్నమాట. పత్రికకు అమ్మకాలు కావాలి, టీవీకి ప్రేక్షకులు కావాలి, యజమానులకు తమ ప్రయోజనాలుంటాయి. గాలి మారితే వారి మాటా మారుతుంది. అందుకే నమ్మదగనివాడు వార్త తెస్తే నిజానిజాలు విచారించుకోవాలని సూరహ్ హుజురాత్ మనల్ని హెచ్చరిస్తుంది. ఒక జనం పట్ల ద్వేషం సైతం మనల్ని న్యాయం నుండి తప్పించరాదని సూరహ్ మాయిదహ్ ఆదేశిస్తుంది. అభిమానానికైనా ఇదే కొలత.

హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) విజయం వెంట విజయం సాధిస్తున్న రోజుల్లో, ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ఆయనను సేనాధిపత్యం నుండి తప్పించారు. కోపంతో కాదు, ద్రోహం జరిగిందనీ కాదు. విజయం అల్లాహ్ నుండి వస్తుందన్న సంగతి మరచి ప్రజలు ఒక మనిషి మీద ఆధారపడతారేమోనన్న భయంతో. ఖాలిద్ తిరుగుబాటు చేయలేదు. మరొకరి నాయకత్వంలో పోరాటం కొనసాగించారు. జనం జేజేల కోసం పనిచేసినవానికి ఆ నిబ్బరం సాధ్యమా?

పిల్లలు మన మాటలు వింటున్నారు. భోజనాల దగ్గర మనం ఒక నాయకుణ్ణి ఈ ఏడు పొగిడి, మరుసటి ఏడు తిట్టిపోస్తే, వారు నేర్చుకునేది రాజకీయం కాదు, నిలకడలేమి. అతడు చేసిన మంచిని మంచి అని, చెడును చెడు అని చెప్పడం నేర్పుదాం.

ఇక ఆ అన్నదమ్ముల మాట. వారు తగవుపడిన నాయకులిద్దరూ రేపు ఒకే వేదిక మీద కూర్చోవచ్చు. ముస్లిం తన సోదరునితో మూడు రోజులకు మించి మాటలు మానరాదని, ఇద్దరిలో ముందుగా సలాము చెప్పేవాడే ఉత్తముడని దైవప్రవక్త (సఅసం) బోధించారు. ఆ గెలుపుకు ఏ పార్టీ టిక్కెట్టూ అక్కరలేదు.