ఓడినవాని పేరే మనకు జ్ఞాపకం

మొన్న ఒక పాత మిత్రులు, నావలెనే తెలుగు పండితులుగా పనిచేసి విరమించినవారు, మా డిచ్‌పల్లికి వచ్చినారు. మాటల నడుమ, 1943 నాటి హైదరాబాదు పోలీసు ఫుట్‌బాల్ జట్టును గూర్చి ఒక టపా వ్రాయదలచినానని అన్నాను. ఆయన చాయ కప్పు క్రింద పెట్టి, "అయ్యా, అది పోలీసుల ఆట, ఉర్దూవాళ్ళ ఆట, పైగా నిజాము కొలువు. తెలుగు పండితునికి దానితో పనేమి? అవధానాల మీద వ్రాయరాదా?" అని సెలవిచ్చినారు. ఇంటికి వచ్చిన అతిథి గనుక నేనప్పుడు ఊరకున్నాను. ఇక్కడ ఊరకుండనక్కరలేదు.

మొదట జరిగిన సంగతి చెప్పుకుందాము. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిషు సేనలు మన దేశంలో అనేకచోట్ల దిగి ఉన్నవి. దండు ఉన్నచోట ఫుట్‌బాల్ ఉన్నది. బెంగుళూరు అసలే కంటోన్మెంటు ఊరు. 1943లో అక్కడ ఆష్ గోల్డ్ కప్ పోటీలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు రాయల్ ఎయిర్ ఫోర్స్ జట్టును ఓడించి కప్పు గెలుచుకొన్నది. తరువాతి కథ అందరికీ కాకున్నా కొందరికైనా తెలిసినదే. యుద్ధం వలన ఆగిపోయిన డ్యూరాండ్ కప్పు 1950లో మరల మొదలైనప్పుడు మోహన్ బగాన్‌ను ఓడించి దానిని తెచ్చినది ఈ పోలీసులే. బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు మరెవ్వరికీ దక్కనీయలేదు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటి వారు ఈ జట్టు నుండే ఒలింపిక్స్‌కు పోయినారు.

ఇందులో ఒక వింత ఉన్నది. ఆ రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో హైదరాబాదు పేరు పెట్టుకొన్న దళాలు మూడుండేవి, 110వది, 152వది, 253వది. మొదటి ప్రపంచయుద్ధం చివర, 1918లో, 110వ దళానికి విమానాలు కొనిచ్చినది నిజామే. నిజాము ఖజానా అంటే ఎవరి సొమ్ము? మా ఇందూరు రైతు కట్టిన శిస్తు కూడా అందులో ఉన్నదే కదా! రైతు సొమ్ముతో ఆకాశానికెగిరిన ఆ వైమానిక దళాన్ని మైదానం మీద ఓడించినది హైదరాబాదు పోలీసులు. ఇంతటి వస్తువు మరొక భాషవారికి దొరికితే ఎన్ని నవలలు వచ్చి ఉండేవో.

మరి మనమేమి గుర్తుంచుకొన్నాము? ఈ గెలుపును చెప్పేవారు సాధారణంగా ఒక్క పేరు చెప్తారు. అది డెనిస్ కాంప్టన్. ఇంగ్లండు క్రికెట్ ఆటగాడు, ఆర్సెనల్ ఫుట్‌బాల్ ఆటగాడు. "కాంప్టన్ ఉన్న జట్టునే మనవాళ్ళు ఓడించినారు" అని మురిసిపోతారు. అనగా మనకు తెలిసిన పేరు ఓడినవానిది! గెలిచిన పదకొండుగురి పేర్లు వరుసగా చెప్పగలవారు మీలో ఎందరు? పోనీ, ఆ ఒక్క పేరైనా సరిగా అతుకుతున్నదా? కాంప్టన్ యుద్ధకాలంలో పనిచేసినది పదాతి, ఫిరంగులు గల సైన్యంలో, వైమానిక దళంలో కాదు. మౌ కంటోన్మెంటులో ఉండి, 1944-45 రంజీ ఫైనల్‌లో హోల్కర్ తరఫున బొంబాయి మీద 249 పరుగులు చేసి అజేయంగా నిలిచిన సైనికుడు ఆయన. అటువంటివాడు 1943లో వైమానిక దళం జట్టులోనికి ఎట్లా వచ్చినాడని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. పద్యంలో ఒక్క యతి తప్పితే నెలరోజులు పోట్లాడుకొనే జాతి మనది!

బెంగాలీలను చూడండి. 1911 జూలై 29న మోహన్ బగాన్ ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1తో ఓడించింది. నూరేండ్లు దాటినా ఆ తేదీ వారికి పండుగ. నాయకుడు శివదాస్ భాదురీ, గెలుపు గోలు అభిలాష్ ఘోష్‌ది, పదకొండుగురిలో బూట్లు తొడుక్కొన్నవాడు సుధీర్ చటర్జీ ఒక్కడే. ఇంత దూరాన ఉన్న నాకు కూడా తెలుసు. వారు వ్రాసుకొన్నారు గనుక తెలుసు.

ఇక మా మిత్రుని ఆక్షేపణలో ఒకటి మాత్రం బరువైనది. నిజాము పోలీసు. దానిని నేను తేలికగా తీసివేయను. దాశరథిని, వట్టికోట ఆళ్వారుస్వామిని బంధించిన జైలు మా ఇందూరు ఖిల్లాలోనే ఉన్నది. తెలుగు బడిని, తెలుగు సభను అనుమానంగా చూచిన రాజ్యం అది. ఆ రాజ్యపు లాఠీని నేను పొగడను. కాని బంతి వెనుక పరుగెత్తిన ఆ మనిషి నెలజీతానికి ఆశపడిన బీదవాడు. లాఠీ పాపాన్ని లెక్క వ్రాయవలసిందే, బంతి పుణ్యాన్నీ వ్రాయవలసిందే. ఒకటి వ్రాసి రెండవది కొట్టివేసేవాడు చరిత్రకారుడు కాడు, పటేలు కచేరీలో లెక్కలు మార్చే గుమాస్తా.

"ఉర్దూవాళ్ళు" అనే మాటకైతే జవాబు చెప్పడానికే సిగ్గుగా ఉన్నది. 1950 నుండి మరణించినదాకా ఈ జట్టుకు శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు బడిపంతులు. 1956 మెల్‌బోర్న్‌లో భారతజట్టును నాల్గవ స్థానానికి, 1951లోను 1962లోను ఆసియా క్రీడల స్వర్ణానికి చేర్చి, 1963లో కాన్సరుతో పోయినాడు. మన ఊరి పంతులు కథను 2024లో బొంబాయివారు 'మైదాన్' అని హిందీలో సినిమా తీస్తే తప్ప మనకు ఆయన పేరు వినబడలేదు.

నన్ను నేను మినహాయించుకోవడం లేదు. కొలువులో ఉన్నన్నాళ్ళు, పరీక్షలు దగ్గరపడితే డ్రిల్లు మాష్టారును బ్రతిమాలి ఆటల పీరియడు అరువు తీసుకొని సంధులు, సమాసాలు చెప్పినవాణ్ణి నేను. కిటికీలోనుంచి ఖాళీ మైదానం వైపు చూచే పిల్లలను చూపు మరల్చమని గదమాయించినాను కూడా. రహీం మాష్టారు చూచి ఉంటే నన్నేమనేవారో!

మా డిచ్‌పల్లిలో ఇప్పుడు ప్రత్యేక పోలీసుల ఏడవ పటాలం ఉన్నది. ఆ గేటు ముందునుంచి పోయినప్పుడల్లా నాకీ పదకొండుగురే మనసులో మెదులుతారు. మిత్రులారా, మీ తాతలో, మేనమామలో ఆ కాలాన హైదరాబాదు పోలీసులో పనిచేసి ఉంటే, వారి ట్రంకు పెట్టె ఒకసారి తెరిచి చూడండి. జట్టు ఫోటో ఏదైనా ఉంటే వెనుక పేర్లు వ్రాసి ఉండవచ్చును. ఉర్దూలో ఉన్నా సరే, పంపండి. చదివిపెట్టే పెద్దమనిషి మా వీధిలోనే ఉన్నారు.