వార్డు కడిగే ఆయమ్మకు టీకా వేశారా? అడుగుదాం రండి!



2021 జనవరి 16న కరోనా టీకా మొదలైన రోజు మన రెండు రాష్ట్రాల్లోనూ తొలి సూది ఎవరికి వేశారో గుర్తుందా? హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో ఒక పారిశుద్ధ్య కార్మికురాలికి. విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోనూ పారిశుద్ధ్య కార్మికురాలికే. దక్కాల్సిన గౌరవమే అది. అంతకుముందు నెలల తరబడి, కన్నబిడ్డలను కూడా రానివ్వని వార్డుల్లో వాంతులు ఎత్తింది, బెడ్‌ప్యాన్లు కడిగింది, బ్లీచింగ్ ఘాటుకు కళ్లు మండుతున్నా నేల తుడిచింది వాళ్లే.

ఆ తొలి సూది ఫొటోలు పాతబడ్డాయి. ఇవాళ వాళ్ల సంగతి ఎవరు అడుగుతున్నారు?

డాక్టరు ఎంత మంచి మందు రాసినా, మంచం కమ్మీ, తలుపు గడియ తుడవకపోతే ఒకరి రోగం పక్కవారికి అంటుతుంది. ఆ తుడవడానికీ ఒక పద్ధతి ఉంది. పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ముతోపాటు క్రిములూ లేస్తాయి. బ్లీచింగ్ నీళ్లు ఏ రోజువి ఆ రోజే కలపాలి, వాటిలో యాసిడ్ పడితే విషవాయువు పుడుతుంది. ఇవేవీ నేర్పకుండా మనిషిని ఐసొలేషన్ వార్డులోకి తోయడం దుర్మార్గం.

ఆసుపత్రి వ్యర్థాలపై 2016లో కేంద్రం తెచ్చిన నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. ఆ చెత్త ముట్టుకునే ప్రతి ఒక్కరికీ ఆసుపత్రే హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి. పనిలో చేరినప్పుడూ, తర్వాత ఏటా శిక్షణ, ఆరోగ్య పరీక్షలు జరగాలి. గ్లౌజులు, మాస్కులు, బూట్లు ఇవ్వాలి. కాంట్రాక్టు ఏజెన్సీ మనిషి అని తప్పించుకోవడానికి లేదు. హెపటైటిస్-బి టీకా మూడు డోసులకే దాదాపు ఆరు నెలలు పడుతుంది. అంటురోగం ప్రబలి రోగులు వరండాల్లో పడుకునే రోజు వచ్చాక మొదలుపెడితే ఎవరిని కాపాడుతుంది?

ఈ కార్మికులు రోగుల దగ్గర పైసలకు చెయ్యి చాస్తారని మీలో చాలామందికి కోపం. ఆ కోపం న్యాయమే. అయితే నెలల తరబడి జీతం ఆపిన ఏజెన్సీని కూడా అడగండి. కాంట్రాక్టరు ఎగ్గొడితే ఆ జీతం ఆసుపత్రే చెల్లించాలని చట్టం చెబుతోంది.

అందుకే ఒక్కొక్కరం ఒక తెల్లకాగితం తీసుకుందాం. సమాచార హక్కు చట్టం కింద మన ప్రభుత్వాసుపత్రి సమాచార అధికారికి దరఖాస్తు పెడదాం. పారిశుద్ధ్య సిబ్బంది ఎంతమంది, వారిలో హెపటైటిస్-బి మూడు డోసులూ పడ్డవారెందరు, చివరి శిక్షణ ఏ తేదీన జరిగింది, గత నెల జీతం ఏ రోజు పడింది, పీఎఫ్ కట్టారా అని అడుగుదాం. రుసుము పది రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు రుజువు నకలు జతచేస్తే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు ఇచ్చి తీరాలి.

రోగులకు తోడుగా వచ్చేవారికి ఒక మనవి: వాడిన సూదిని, దూదిని మామూలు చెత్తబుట్టలో వేయకండి. ఆ బుట్టలో చెయ్యి పెట్టేది ఆయమ్మే.

వచ్చే సోమవారం ఉదయం 9 గంటల నుంచి ఓపీ గేటు ఎదుట మా బల్ల ఉంటుంది. రాయడం రానివారికి మేం రాసిపెడతాం. ఆధార్ అక్కర్లేదు, మీ పేరు, చిరునామా చెబితే చాలు.

— ఆసుపత్రి పారిశుద్ధ్య కార్మికుల, వారి కుటుంబాల తరఫున