సింగపూరు నమూనా – పెనుమూడి ప్రశ్న

ప్రభుత్వము పట్ల అసంతృప్తి లేని ప్రజలు ఏ దేశములోను ఉండరు. అసంతృప్తి ఉండుట తప్పును కాదు. కాని అసంతృప్తి వేరు, విసుగు వేరు. అసంతృప్తి చెందినవాడు అడుగును. విసిగినవాడు అడుగుటయే మానివేయును. నేడు మన కృష్ణా డెల్టా గ్రామములలో, ముఖ్యముగా చదువుకొన్న యువకులలో, ఈ రెండవదే ఎక్కువగా కనబడుచున్నది. “ఎవరు వచ్చిననేమి, మన బ్రతుకులు ఇంతే” అను మాట రేపల్లె బస్సులోను వినబడును, తెనాలి రైలులోను వినబడును. ఈ మాట ఎందుకు పుట్టినదో, దానికి మందు ఏమిటో మా విద్యార్థుల ముందు విచారించుట ఈ వ్యాసోద్దేశము.

2014 జూన్ 2న తెలంగాణ ప్రత్యేక రాష్ట్రమైనది. ఆంధ్రప్రదేశ్ విస్తీర్ణములో చిన్నదై, రాజధానిని కట్టుకొనవలసిన స్థితిలో నిలిచినది. అప్పటినుండి మనము తరచుగా వినుచున్న పేరు సింగపూరు. 1965లో స్వతంత్రమైన ఆ ద్వీపము వైశాల్యములో సుమారు 730 చదరపు కిలోమీటర్లు. జనాభా దాదాపు 60 లక్షలు. సహజ సంపద ఏమియు లేకుండ ఒక్క తరములోనే ప్రపంచపు సంపన్న దేశముల సరసన చేరినది. మన నూతన రాజధాని అమరావతి ప్రణాళికను సింగపూరు సంస్థలే రూపొందించినవి. సుమారు 34 వేల ఎకరముల భూమిని 29 గ్రామముల రైతులు సమీకరణ పద్ధతిలో ఇచ్చిరి. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగినది. రెండంకెల వృద్ధి అను మాట ప్రతి సభలోను మ్రోగినది.

తరువాత జరిగినది అందరికిని తెలిసినదే. 2019లో ప్రభుత్వము మారినది. ఆ సంవత్సరమే సింగపూరు సంస్థల కూటమితో చేసుకొన్న ఒప్పందము రద్దయినది. 2020లో మూడు రాజధానుల చట్టము వచ్చినది. 2021 నవంబరులో అదే ప్రభుత్వము దానిని ఉపసంహరించుకొన్నది. 2022 మార్చిలో హైకోర్టు తీర్పు వెలువడినది. 2024లో మరల ప్రభుత్వము మారినది. 2025 మే 2న అమరావతి పనులు తిరిగి ఆరంభమైనవి. పదేండ్లలో ఒకే నేలపై రెండుసార్లు ఆరంభోత్సవములు జరిగినవి. మధ్యకాలములో భూములిచ్చిన రైతులు సంవత్సరముల తరబడి శిబిరములలో కూర్చుండిరి.

ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అని తీర్పు చెప్పుట మా పని కాదు. ఏక రాజధానికిని వాదమున్నది, వికేంద్రీకరణకును వాదమున్నది. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక కాలమునుండియు ఈ చర్చ ఆంధ్రులకు క్రొత్తది కాదు. మా ప్రశ్న వేరు. ఒక విధానమును తెచ్చునప్పుడు గాని, తీసివేయునప్పుడు గాని, దానివలన ఎవరికి ఎంత నష్టము కలిగినదో, ఎందుకు మార్చవలసి వచ్చినదో ప్రజలకు లెక్క చెప్పిన వారెవరు?

రాజధాని పెద్ద సంగతి. చిన్న సంగతులను చూతము. ఇసుక మన నది ఇచ్చు సొమ్ము. 2016లో ఇసుక ఉచితమన్నారు. 2019లో ఆ పద్ధతి తీసివేసి మరియొకటి తెచ్చిరి. ఆ మార్పు నడుమ ఇసుక దొరకక తాపీ పనివారును, కూలీలును నెలల తరబడి పనులు లేక అలమటించిరి. 2024లో మరల ఉచితమన్నారు. విద్యార్థుల ఫీజు సొమ్మును తల్లుల ఖాతాలలో వేయు పద్ధతి 2021లో వచ్చినది. 2024లో వచ్చిన ప్రభుత్వము దానిని మరల కళాశాలలకే చెల్లించునట్లు మార్చినది. ఏ పద్ధతి మేలైనదో వాదింపవచ్చును. కాని సొమ్ము ఆలస్యమైనపుడు ఏ ప్రభుత్వ కాలములోనైనను పరీక్ష రుసుము కొరకు అప్పు చేయునది విద్యార్థి తండ్రియే. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలను 26 చేసిరి. తెనాలి గుంటూరు జిల్లాలో నిలిచినది. రేపల్లె బాపట్ల జిల్లాలో చేరినది. పెనుమూడి రైతు కాగితము పట్టుకొని పోవలసిన కలెక్టరు కచేరీ గుంటూరునుండి బాపట్లకు మారినది. ఆ మార్పువలన అతనికి మేలు కలిగినదా, కీడు కలిగినదా అని మూడు సంవత్సరముల తరువాతనైనను అతనిని ఎవరైన అడిగిరా?

ఓటరు తన కోపమును చూపుట మానలేదు. 2019లో 175 స్థానములలో 151 గెలుచుకొన్న పక్షము 2024లో 11 స్థానములకు దిగినది. 2019లో 23 స్థానములకు పరిమితమైన పక్షము 2024లో 135 గెలుచుకొన్నది. ఇంతటి తలక్రిందులు ప్రజల ఉత్సాహమునకు గుర్తు అని కొందరందురు. మాకు మాత్రము ఇది విసుగునకు గుర్తుగా తోచుచున్నది. అయిదేండ్లు మౌనముగా నుండి ఒక్క దినమున కోపము తీర్చుకొను ప్రజలను చూచి పాలకులు భయపడుదురు గాని, పాఠము నేర్చుకొనరు.

మరి మనకు నమూనాగా చూపిన సింగపూరులో ప్రజలు సంతుష్టులుగా ఉన్నారా? అక్కడి పౌరులలో నూటికి సుమారు ఎనభైమంది ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ కట్టిన ఇండ్లలోనే నివసింతురు. ఆ ఇండ్లు 99 సంవత్సరముల కౌలుపై వచ్చినవి. కౌలు తీరిన పిదప ఇల్లు ఏమగునను చింత వారికి ఉన్నది. కారు కొనుటకు ముందు కారు ఉంచుకొను అర్హతా పత్రమును వేలములో కొనవలెను. 2023లో ఆ పత్రము వెలయే లక్ష సింగపూరు డాలర్లు దాటినది. 2030 నాటికి జనాభా 69 లక్షల వరకు పెరుగవచ్చునని 2013లో ప్రభుత్వము శ్వేతపత్రము వెలువరించగా, పరాయి దేశముల వారితో తమ ఊరు నిండిపోవునను భయముతో వేలాది పౌరులు హాంగ్ లిమ్ పార్కులో గుమికూడి నిరసన తెలిపిరి. వేగముగా పెరుగు దేశములో ధరలును వేగముగానే పెరుగును. వృద్ధి అంకె ఆకాశమునంటినను, ఇంటి అద్దె దానికంటె ఎత్తున నిలుచును. అసంతృప్తి పేదదేశముల రోగము మాత్రమే కాదని దీనివలన తెలియుచున్నది.

అయితే అక్కడ జరిగిన ఒక సంగతి మనము గమనింపదగినది. 2011 ఎన్నికలలో పాలకపక్షమునకు వచ్చిన ఓట్లు నూటికి 60.1, స్వాతంత్ర్యము వచ్చిన తరువాత అంత తక్కువ ఎన్నడును రాలేదు. అధికారము పోలేదు, 87 స్థానములలో 81 వారివే. అయినను ఎన్నికల ప్రచారములోనే ప్రధానమంత్రి లీ సియన్ లూంగ్ తమ ప్రభుత్వము చేసిన పొరపాట్లకు ప్రజలను క్షమాపణ కోరెను. మరుసటి సంవత్సరము మంత్రుల జీతములు తగ్గించిరి. క్రొత్త ఇండ్ల నిర్మాణమును వేగిరపరచిరి. 2015లో ఆ పక్షమునకు నూటికి దాదాపు 70 ఓట్లు వచ్చినవి. ప్రభుత్వము మారలేదు, ప్రభుత్వ నడత కొంత మారినది. మన యొద్ద ప్రభుత్వములు మారుచున్నవి. నడత మారుట లేదు.

సింగపూరును స్వర్గముగా చూపుట మా అభిప్రాయము కాదు. అక్కడ సభలపైనను, పత్రికలపైనను గట్టి కట్టుబాట్లున్నవి. పౌరులు అనుమతి పత్రము లేకుండ మాటలాడుటకు 2000లో ఆ హాంగ్ లిమ్ పార్కులోనే ఒక మూల కేటాయించిరి. మనకట్టి ఇరుకు లేదు. టీ దుకాణము మొదలు రచ్చబండ వరకు మనము మాటలాడని చోటు లేదు. వారికి మాటకు హద్దు ఎక్కువ, జవాబునకు వేగము ఎక్కువ. మనకు మాటకు కొరత లేదు, జవాబే కరవు. వారి అద్దాల మేడలను తెచ్చుకొనవలెనని తలచిన మన పాలకులు, వారి జవాబు చెప్పు అలవాటును తెచ్చుకొనవలెనని ఎన్నడైన తలచిరా?

ఇచ్చట ఒక భాషా విషయము చెప్పవలెను. ఉర్దూ, తెలుగు రెండును చదువు మా విద్యార్థులకు ఇది సులభముగా బోధపడును. ప్రభుత్వముతో వ్యవహరించుటకు తెలుగువాడు వాడు మాటలలో అనేకము ఉర్దూ ద్వారా వచ్చినవి: కచేరీ, దస్తావేజు, హామీ, ఫిర్యాదు, అర్జీ, జవాబు. ఫిర్యాదు అనగా మొదట మొర, ఆక్రందనము. అర్జీ అనగా విన్నపము; దానికి వ్రాయువాడు, చేర్చుకొనువాడు, తేదీ, సంతకము ఉండును. మొర గాలిలో కలియును. అర్జీ కాగితముపై నిలుచును. అర్జీ ఉన్నచోటనే జవాబు ఉండును; జవాబు ఉన్నచోటనే జవాబుదారీ ఉండును. మన సమాజములో నేడు మొరలు ఎక్కువ, అర్జీలు తక్కువ. విసుగునకు మూలము ఇదియేనని మా నిశ్చయము.

పెనుమూడినే దృష్టాంతముగా తీసికొందము. కృష్ణ సముద్రములో కలియుటకు కొంత ఎగువన, రేపల్లెకు సమీపమున ఉన్న గ్రామమిది. పెనుమూడి–పులిగడ్డ వారధి రాక పూర్వము పడవలపై అవనిగడ్డ వైపునకు దాటిన తరము ఇంకను మన మధ్య ఉన్నది. నేడు 216వ నంబరు జాతీయ రహదారి ఆ వారధి మీదుగా పోవుచున్నది. ప్రభుత్వము ఏమియు చేయలేదని అనువారికి ఆ వారధియే సమాధానము. కాని ఆ వారధి క్రిందనే మరియొక కథ ఉన్నది. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చినది. 2024 సెప్టెంబరులో దానిని మించిన వరద వచ్చినది. రెండుసార్లును లంక గ్రామముల ప్రజలు ఇండ్లు విడిచిరి. రెండుసార్లును కరకట్ట ఎక్కడ తెగునోయని దిగువవారు నిద్ర మానిరి. నడుమ 15 సంవత్సరములు గడచినవి, ప్రభుత్వములు మారినవి. వరద వచ్చిన వారములో మంత్రులు, నాయకులు, పడవలు, పులిహోర పొట్లములు అన్నియు వచ్చును. వరద తీసిన తరువాత వచ్చువారెవరు?

వేసవిలో కథ తారుమారగును. 1855లో ఆనకట్ట, 1957లో బ్యారేజీ కట్టిన తరువాత ఈ డెల్టా ధాన్యాగారమైనది. కాని కాలువ తల వద్ద పారు నీరు కాలువ చివర భూములకు చేరుసరికి చిక్కిపోవును. కాలువ నీరు తగ్గినచోట ఉప్పునీరు పైకెక్కును. వరదలో మునుగువాడును, ఎండలో ఎండువాడును ఒక్కడే. రాష్ట్ర వృద్ధి రేటును ప్రకటించునపుడు ఈ చివరి ఎకరము ఆ లెక్కలో ఎచ్చట ఉన్నది? 1999లో విజన్ 2020 అన్నారు. 2024లో స్వర్ణాంధ్ర 2047 అని ఏటికి నూటికి 15 వృద్ధి లక్ష్యమన్నారు. పెద్ద కల కనుట తప్పు కాదు. చిన్నవాని లెక్క వ్రాయకుండుట తప్పు.

“ప్రజలు కూడ దోషులే కదా, ఓటునకు సొమ్ము తీసికొనుచున్నారు కదా” అని కొందరు పెద్దలు ఆక్షేపింతురు. నిజమే. ఓటు అమ్ముకొన్నవానికి నిలదీయు నోరుండదు. “అభివృద్ధికి కాలము పట్టును, ఓపిక పట్టవలెను” అని మరికొందరందురు. అదియును నిజమే. సింగపూరు ఒక్కనాట లేవలేదు. కాని ఓపిక పట్టుమనువాడు పని ఎంతవరకు వచ్చినదో చెప్పవలెను. లెక్క చెప్పువాని యెడల ప్రజలు ఓపిక పట్టుదురు. చెప్పనివాని యెడల ఓపిక పట్టుమనుట అన్యాయము.

కావున విద్యార్థులారా, మీకు మా సూచన ఒక్కటే. అడుగనిదే అమ్మయైనను అన్నము పెట్టదు. మనకు అడుగు హక్కు చట్టములో ఉన్నది. 2005 అక్టోబరు 12నుండి సమాచార హక్కు చట్టము అమలులో ఉన్నది. మన రాష్ట్రములో గ్రామస్థాయిలో అర్జీకి రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ముప్పది దినములలో జవాబు ఇయ్యవలెను. గ్రామసభ ఉన్నది, అందులో కూర్చుండుటకు కుర్చీ అక్కరలేదు, వయోజన ఓటరై ఉన్న చాలును. “ప్రభుత్వము ఏమి చేయుచున్నది” అని అడుగవలదు. దానికి ఉపన్యాసమే సమాధానముగా వచ్చును. “2009 వరద తరువాత మా ఊరి కరకట్టపై ఏ కిలోమీటరు వద్ద, ఏ సంవత్సరములో, ఎంత ఖర్చుతో, ఏ పని జరిగినది” అని అడుగుడు. “మా కాలువ చివరకు జూలై మాసములో ఎన్ని దినములు నీరు వచ్చినది” అని అడుగుడు. దానికి ఉపన్యాసము చాలదు, అంకె కావలెను. ఒక్క అర్జీకి అధికారి తప్పించుకొనవచ్చును. ఒక ఊరినుండి నలువది అర్జీలు పోయినచో, తరువాత వచ్చు ప్రభుత్వమునకును ఆ కాగితము అడ్డు నిలుచును. పక్షములు మారినను, దస్త్రము మారదు.

మీలో అనేకులకు మీ ఇంట చదువుకొన్న మొదటివారు మీరే. మీ తండ్రి కచేరీ గుమ్మము వద్ద చేతులు కట్టుకొని నిలబడి ఉండవచ్చును. మీరు అట్లు నిలబడనక్కరలేదు; కోపముతో కేకలు వేయనక్కరలేదు. చక్కని తెలుగులో నాలుగు వాక్యములు వ్రాసి, తేదీ వేసి, రసీదు తీసికొని రండు. ఈ కళాశాల మీకు ఇచ్చు పట్టాకు మేము కోరు మొదటి ప్రయోజనము అదియే.