పాఠం కాస్త ఆగితే

ఫోనులో వీడియో ఆపడానికి రెండు నిలువు గీతల గుర్తు ఉంటుంది. అక్షరాలు ఇంకా కుదురుకోని పిల్లలకు కూడా అది తెలుసు. బొమ్మ నచ్చితే టక్కున ఆపుతారు, ముఖం దగ్గర పెట్టుకుని చూస్తారు, వెనక్కి జరిపి మళ్లీ చూస్తారు. ఎవరూ నేర్పకుండా వచ్చిన విద్య అది. చిన్న తరగతుల్లో ఆన్‌లైన్ పాఠాల మాట వచ్చినప్పుడల్లా మాకు ముందు ఆ గుర్తే కళ్లలో మెదులుతుంది.

సూరత్‌లో చదువుకుంటున్న తెలుగు పిల్లల్ని తలుచుకుంటే ఈ చిన్న సంగతి పెద్దదిగా అనిపిస్తుంది. మనవాళ్లు ఆ నగరానికి వెళ్లడం నిన్న మొన్నటి మాట కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నేత కుటుంబాలు కొన్ని భివండీకి, కొన్ని షోలాపూర్‌కి, కొన్ని సూరత్‌కి తరలిపోయాయి. చేతిలో ఉన్నది మగ్గం పని. దానికి కూలి గిట్టే చోటు దూరంగా ఉంది. ఈనాడు లింబాయత్ లాంటి పేటల్లో నడుస్తుంటే సాంచాల, అంటే మరమగ్గాల చప్పుడు మధ్య నుంచి మన మాట చెవిన పడుతుంది.

అక్కడి నగర్ ప్రాథమిక్ శిక్షణ్ సమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషు మాధ్యమాలతో పాటు తెలుగు బడులు కూడా నడుపుతోంది. పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే ఓనమాలు దిద్దించడం ఏ ఊరికైనా చిన్న మర్యాద కాదు. తలుచుకుంటే మనసు నిండుతుంది.

అయితే ఆ పిల్లల చదువుకు బయట ఆసరా తక్కువ. ఇంట్లో అమ్మ తెలుగు మాట్లాడుతుంది. గడప దాటితే హిందీ, గుజరాతీ. పక్క గదిలో గంజాం నుంచి వచ్చిన ఒడియా కుటుంబం ఉంటుంది. మన ఊళ్లో పిల్లలు బస్సు మీద ఊరి పేరు, కిరాణా కొట్టు బోర్డు, గోడ మీద సినిమా పోస్టరు కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకుంటారు. బడి చెప్పే చదువులో సగం వీధే చెబుతుంది. సూరత్ తెలుగు పిల్లలకు ఆ వీధి లేదు. నల్లబల్ల, పాఠ్యపుస్తకం, టీచరమ్మ గొంతు, అంతే. ఊరు చూడాలంటే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్ చేరడానికే దాదాపు ఒక రోజు పడుతుంది. అదీ సెలవుల్లో, డబ్బులు కూడినప్పుడు.

అందుకే తెర మీద తెలుగు వినిపించినప్పుడు ఆ తరగతి పొందే సంతోషం మనకు అంత సులువుగా అందదు. పాఠ్యపుస్తకాల్లో ఇప్పుడు నలుపు తెలుపు గళ్ల చిన్న చదరాలు ఉంటున్నాయి కదా, 2017లో మొదలైన దీక్షా అనే ఆన్‌లైన్ పాఠాల వేదికకు అవి తలుపులు. ఫోను చూపిస్తే బొమ్మలతో, మాటలతో పాఠం తెరుచుకుంటుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎవరో టీచరు చెప్పిన కథ సూరత్‌లో తాపీ నది ఒడ్డున ఉన్న తరగతిలో వినబడుతుంది.

ఈ దారిలో ఒకప్పుడు తెలుగు పాఠాలు ఎదురు దిక్కున నడిచాయి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా మన దేశంలో ఉపగ్రహ టీవీ పాఠాల ప్రయోగం జరిగింది. అమెరికా నుంచి ఏడాదికి అరువు తెచ్చుకున్న ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 పల్లెలకు బొమ్మ, మాట అందాయి. హైదరాబాద్‌లో తయారైన తెలుగు కార్యక్రమాల టేపులు అహ్మదాబాద్ చేరేవి. అక్కడి భూకేంద్రం నుంచి ఆకాశానికెక్కి మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లో దిగేవి. కోళ్ల ఫారాలకు కట్టే ఇనుప వలతో చేసిన పెద్ద గొడుగు యాంటెన్నా, దాని పక్కన ఊరందరికీ ఒకే టీవీ. పొద్దున పూట బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. గుజరాత్ గడ్డ మీది నుంచి ఎగిరిన తెలుగు పాఠం మన పల్లె పిల్లల ముందు వాలిందన్న మాట. ఇప్పుడు మన దగ్గర తయారైన పాఠం గుజరాత్‌లోని మన పిల్లల్ని వెతుక్కుంటూ వెళుతోంది. యాభై ఏళ్లకు తీరిన చేబదులులా ఉంది ఇది మాకు.

ఆనాటి పొద్దుటి పాఠం ఒక్కో భాషలో ఇరవై నిమిషాల పైచిలుకు ఉండేది. ఆ కాసేపట్లో పట్టుకోగలిగినవాళ్లు పట్టుకున్నారు. అర్థం కాని పిల్లవాడు చెయ్యెత్తినా తెర మీది మనిషికి కనిపించదు. ఊళ్లోని పంతులుగారికి దాన్ని ఆపే వీలు లేదు. వాన వెలిసినట్టు వెలిసేది పాఠం.

2020లో కరోనా మనల్ని మళ్లీ ఆ కాలానికే తీసుకెళ్లింది. గుజరాత్‌లో దూరదర్శన్ గిర్నార్ చానల్, తెలంగాణలో యాదగిరి, టీ-శాట్ చానళ్లు పాఠాలు ప్రసారం చేశాయి. సెప్టెంబర్ 1న తెలంగాణలో ఆ పాఠాలు మూడో తరగతి నుంచి మొదలయ్యాయి. ఒకటి, రెండు తరగతుల పిల్లల్ని అప్పటికి వదిలేశారు. అంత చిన్నపిల్లలకు దూరం నుంచి చెప్పడం కష్టమని ఎవరికైనా లోలోపల తెలుసు. చాలా ఇళ్లలో ఉన్నది ఒక్క ఫోను, అది నాన్నతో పాటు షిఫ్టుకు వెళ్లిపోయేది. రాత్రి నాన్న వచ్చాక టీచరు పంపిన వాయిస్ మెసేజ్ వింటూ పలక మీద రాసిన పిల్లలు ఎందరో. ఆ టీచర్ల ఓపికను, ఆ తల్లుల తిప్పల్ని తక్కువ చేసే మాట మేం అనలేం. కానీ ఆ రోజుల్లో ఏం పోయిందో మనందరికీ తెలిసింది.

ఆ పోయిందేమిటో చూడాలంటే మన ఇళ్లలో కథ చెప్పే పద్ధతి ఒకసారి గుర్తు చేసుకోండి. అమ్మమ్మ కథ చెబుతుంటే మనం ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే కథ ఆగుతుంది. నిద్రపోయావా అని అడుగుతుంది, లేకపోతే రాజు ఎక్కడున్నాడో చెప్పు చూద్దాం అంటుంది. మనం తప్పు చెబితే కాస్త వెనక్కి వెళ్లి మళ్లీ అందుకుంటుంది. కథ నడిచే వేగం అమ్మమ్మ నోట్లో ఉండేది కాదు, మన ఊఁలో ఉండేది. తెర ఎంత చక్కగా చెప్పినా ఊఁ కోసం ఆగదు. ఆ ఊఁ వినాల్సింది గదిలో ఉన్న టీచరు.

ఒక తరగతిని ఊహించుకుందాం. తెర మీద మగ్గం పాఠం నడుస్తోంది. గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న తాతయ్య నాడె విసురుతున్నాడు. మూడో వరసలో ఒక పాప, మా నాన్న దగ్గర ఇట్ల ఉండదు అంది. టీచరు అక్కడ ఆపేసింది. మరి ఎట్ల ఉంటదమ్మా అని అడిగింది. అంతే, తరగతి తిరగబడింది. సాంచా దానంతట అదే నడుస్తదని ఒకరు, ఒక్క మనిషే ఎన్నో సాంచాలు చూసుకుంటడని ఇంకొకరు. మా అమ్మ కండెలు చుడతది అని ఒక పిల్ల. బీము ఎంత బరువుంటుందో చేతులు చాచి చూపించేవాడు ఒకడు. ఆ పది నిమిషాల్లో వాళ్లు మాట్లాడినంత తెలుగు వారం రోజుల కాపీరాతలో రాదు. వీడియో మాత్రం తాతయ్య చెయ్యి ఎత్తిన చోటే నిలబడి ఉంది.

మంచి పాఠం తయారు చేసినవాళ్లకు ఇలా ఆపడం కష్టంగా తోచకూడదు. వాళ్లు చెప్పాలనుకున్నది సగంలో ఆగిందంటే, ఆ సగం పిల్లల నోట పూర్తవుతోందన్న మాట. చెరువు బొమ్మ దగ్గర ఆపితే, తాపీ తప్ప నీళ్లు చూడని పిల్లవాడు అదేమిటని అడుగుతాడు. ఎండాకాలం సెలవులకు ఊరెళ్లి వచ్చిన పిల్ల, కట్ట మీద బతుకమ్మలు దించే చోటు ఎట్లా ఉంటుందో చెబుతుంది.

తెరకున్న ఒక మంచి గుణాన్ని కూడా చెప్పుకోవాలి. అది అలిసిపోదు. ఒకే కథను మళ్లీ మళ్లీ చెప్పమనడం పిల్లల హక్కు. నలభై మందితో పొద్దుటి నుంచి గొంతు పోగొట్టుకున్న టీచరుకు ఆ హక్కు తీర్చడం కష్టం. పాట మళ్లీ వినిపించే పని తెరకు అప్పగించి, ఆమె ఆ కాసేపు వెనక బల్ల దగ్గరికి వెళ్లి, ఒత్తులు పలకలేక ఇబ్బంది పడుతున్న ఒక్క పిల్లవాడి పక్కన కూర్చోగలదు. మేం ఎక్కువ ఇష్టపడేది ఈ రకం వాడకాన్నే.

మాకింకో చిన్న ఆశ ఉంది. సూరత్ తెలుగు తరగతి, తెలంగాణలోని సిరిసిల్ల తరగతి ఒక పూట తెర మీద ఒకరినొకరు చూసుకోవాలి. రెండు చోట్లా సాంచాల పిల్లలే. ఒకరిది తాపీ, ఇంకొకరిది మానేరు. సంక్రాంతికి సూరత్ పిల్లలు ఉత్తరాయణ్ గాలిపటాలు, మాంజా చరఖాలు చూపించవచ్చు. దసరా ముందు సిరిసిల్ల పిల్లలు గునుగు, తంగేడు పూలు పేర్చి చూపించవచ్చు. మీ సాంచాలు రాత్రి కూడా నడుస్తయా, మీ బడిలో మధ్యాహ్నం ఏం పెడతరు, అని వాళ్లే అడుగుతారు. నెలకొక పావుగంట చాలు. ఫోన్లు ఉన్నాయి, చాలా బడుల్లో తెరలూ వచ్చాయి. ఇక్కడి టీచరు ఒకరు అక్కడి టీచరుకు ఒక ఫోను చేస్తే మొదలైపోతుంది.