ప్రవేశ రుసుము లేని లండన్

 

విదేశీ ప్రయాణం అనగానే మన ఇళ్ళలో రెండు మాటలు వినిపిస్తాయి. "అది డబ్బున్నవారి వ్యవహారం" అన్నది మొదటి మాట. "అంత దూరం వెళ్ళి ఏమీ చూడకుండా వస్తారా? అప్పు చేసైనా చూసి రావాలి" అన్నది రెండవ మాట. ఈ రెండింటి నడుమ మరొక దారి ఉన్నదని మేము అరవై ఏళ్ళు దాటిన తరువాత లండన్ నగరంలో తెలుసుకున్నాము. కూతురి కాన్పుకో, కొడుకు కాపురం చూడడానికో విదేశాలకు వెళ్ళే తల్లిదండ్రులు నేడు మనలో ఎందరో ఉన్నారు. వారికి ఉపకరిస్తుందన్న ఆశతో మా అనుభవాన్ని ఈ నెల మీ ముందుంచుతున్నాము.

మా అమ్మాయి రెండవ కాన్పు కోసం మేమిద్దరమూ ఆరు వారాల పాటు వెళ్ళాము. ఉమ్రా నిమిత్తం ఏళ్ళ తరబడి కూడబెట్టిన సొమ్ములో కొంత విమానపు టికెట్లకు తీయవలసి వచ్చినది. మిగిలిన దానిని ముట్టరాదని బయలుదేరక ముందే నిశ్చయించుకున్నాము. అల్లుడు కష్టపడి సంపాదించేవాడే. కాని అతని జీతంలో సగం ఇంటి అద్దెకే పోతున్నది. అతని మీద భారం మోపరాదన్నది మా రెండవ నిశ్చయం.

మొదటి వారంలో మేము చేసిన పొరపాటును ముందుగా ఒప్పుకోవాలి. కనబడిన ప్రతి ధరనూ రూపాయలలోకి మార్చి పైకే చెప్పసాగాము. "ఈ ఒక్క కప్పు డబ్బుతో మన ఊళ్ళో ఇరవై మందికి చాయ్ పోయించవచ్చు" అని నవ్వుతూనే అన్నాము. మూడవ నాడు అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. "మీరు లెక్కపెట్టే ప్రతి పౌండూ నాకు గుచ్చుకుంటోంది. మేమిక్కడ ఏదో తప్పు చేస్తూ బతుకుతున్నట్టు అనిపిస్తోంది" అన్నది. పొదుపు అనుకుని మేము చేస్తున్నది పిల్లల మనసు నొప్పించడమని అప్పుడు గాని మాకు తెలియలేదు.

అల్లుడు దానిని మరొక విధంగా అర్థం చేసుకున్నాడు. తన ఆతిథ్యంలో లోటు జరిగిందని భావించి, థేమ్స్ నది ఒడ్డున ఉన్న పెద్ద చక్రం ఎక్కించడానికి మా ఇద్దరికీ, తనకూ, ఆరేళ్ళ మనుమడికీ టికెట్లు తీయబోయాడు. మొత్తం 100 పౌండ్లు దాటుతుంది. క్రెడిట్ కార్డు మీద గత నెల బాకీ ఇంకా తీరలేదనీ, దానికి వడ్డీ పడుతున్నదనీ, ఇదీ ఆ కార్డు మీదనేననీ ఆ రాత్రి అమ్మాయి మాతో చెప్పినది.

మరునాడు ఫజ్ర్ నమాజు తరువాత అతనిని ప్రక్కన కూర్చోబెట్టుకున్నాము. "బేటా, మాకు ఊరు చూపించాలన్న నీ ప్రేమ మాకు తెలుసు. కాని వడ్డీ అప్పుతో చక్రం ఎక్కితే పైనుంచి ఎంత గొప్ప ఊరు కనిపించినా అది మా కంటికి ఆనదు" అన్నాము. అతను కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మామూ, మీరు తిరిగి వెళ్ళాక నలుగురూ అడుగుతారు, అల్లుడు ఏం చూపించాడని. అప్పుడు నా పరువేం కాను?" అన్నాడు. "ఏం చూపించావో మేమే చెబుతాము. డబ్బు అడగని చోట్లు ఏవేవి ఉన్నాయో వెతికి మాకొక కాగితం మీద రాసివ్వు" అన్నాము.

ఆ కాగితమే మా లండన్ యాత్ర.

బ్రిటన్ జాతీయ మ్యూజియంలలో శాశ్వత ప్రదర్శనలకు రుసుము లేదు. కొంతకాలం రుసుము వసూలు చేసిన సంస్థలు కూడా 2001 డిసెంబరు నుండి దానిని ఎత్తివేశాయి. ప్రత్యేక ప్రదర్శనలకు మాత్రమే టికెట్టు ఉంటుంది. 1759లో ప్రజలకు తలుపులు తెరచిన బ్రిటిష్ మ్యూజియంలో 2018లో ప్రారంభమైన ఇస్లామీయ ప్రపంచ గ్యాలరీ ఉన్నది. మలేషియాకు చెందిన ఒక ధార్మిక సంస్థ విరాళంతో అది ఏర్పడినది. దక్షిణ కెన్సింగ్టన్ లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అర్దబీల్ తివాచీ ఉన్నది. ఇరాన్ లో నేసిన ఆ తివాచీ పొడవు పది మీటర్లకు పైమాటే. దాని మీదనే హిజ్రీ 946 అన్న సంవత్సరం నేయబడి ఉన్నది, అనగా క్రీ.శ. 1539-40. రంగులు వెలసిపోకుండా ఉండేందుకు దానిని మసక వెలుతురులో ఉంచి, గంటకూ అరగంటకూ పది నిమిషాలు మాత్రమే దీపాలు పెంచుతారు. మా మనుమడు గాజు పెట్టె ప్రక్కన నేల మీద కూర్చుని ఆ వెలుగు కోసం ఎదురుచూశాడు. వెలుతురు రాగానే వాడు పెట్టిన కేకకు అక్కడివారందరూ నవ్వారు. ఏ చక్రం ఎక్కించినా వాడి ముఖంలో అంతకు మించిన ఆనందం చూసి ఉండేవారము కాము.

జుమా నాడు రీజెంట్స్ పార్క్ మసీదుకు వెళ్ళాము. 1977లో పూర్తయిన ఆ మసీదు బంగారు రంగు గుమ్మటం చెట్ల మీదుగా దూరానికే కనిపిస్తుంది. నమాజు తరువాత ప్రక్కనే ఉన్న ఉద్యానవనంలో, వేలాది గులాబీల నడుమ, ఇంటి నుండి తెచ్చుకున్న రొట్టెలూ ఖీమా విప్పుకున్నాము. ఇంకొక సాయంత్రం ప్రింరోజ్ హిల్ అనే గుట్ట ఎక్కితే నగరమంతా కాళ్ళ ముందు పరచుకున్నది. చక్రం మీది నుంచి చూడవలసిన ఊరిని గడ్డి మీద కూర్చుని చూశాము.

మెట్రో రైలుకు బదులు బస్సులనే నమ్ముకున్నాము. మేము వెళ్ళిన రోజులలో ఛార్జీ 1.75 పౌండ్లు. ఒకసారి చెల్లిస్తే గంటలోపు ఎన్ని బస్సులు మారి ఎక్కినా మళ్ళీ చెల్లించనక్కరలేదు. పదకొండేళ్ళ లోపు పిల్లలకు బస్సు ఉచితం. రెండంతస్తుల బస్సులో పై అంతస్తున ముందు సీటు దొరికితే అదే ఒక విహారం. అయితే బస్సులో నగదు తీసుకోరు, కార్డు తప్పనిసరి.

ఒకనాడు మనుమడు, "నానీ, ఇక్కడ మనల్ని డబ్బులెందుకు అడగలేదు?" అన్నాడు. మంచి ప్రశ్న. ఉచితం అన్నది ఎవరూ చెల్లించనిది కాదు. మనకు ముందు మరెవరో చెల్లించినది. ఆ దేశ ప్రజలు పన్నుల రూపంలో చెల్లిస్తున్నారు, దాతలు విరాళాలిస్తున్నారు. మన పెద్దలు వక్ఫ్ చేసిన బావి నీరు బాటసారి ఉచితంగా తాగడం వంటిదే ఇది. బావి త్రవ్వించిన వారి కోసం దుఆ చేయడం, నీటిని పాడుచేయకపోవడం తాగినవారి బాధ్యత. అందుచేత గుమ్మం దగ్గర ఉన్న విరాళాల పెట్టెలో మనుమడి చేత ఒక నాణెం వేయించాము. చిన్నదే, కాని ఉచితానికి అలవాటు పడిన చేయి ఇవ్వడం మరచిపోరాదు.

ఇంతటితో ఊరుకుంటే సగం నిజమే చెప్పినట్లవుతుంది. బ్రిటిష్ మ్యూజియంలో ఒక గదిలో మన అమరావతి స్తూపపు శిల్పాలు గాజు తలుపుల వెనుక ఉన్నాయి. పల్నాటి సున్నపురాయి మీద చెక్కిన ఆ శిల్పాలను వాల్టర్ ఎలియట్ అనే కంపెనీ అధికారి 1845లో త్రవ్వించాడు. అవి మద్రాసు మీదుగా లండన్ చేరాయి. కృష్ణా తీరంలో పుట్టి పెరిగిన మేము వాటిని మొదటిసారిగా అక్కడ చూశాము. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో టిప్పు సుల్తాన్ కొయ్యపులిని చూశాము. 1799లో శ్రీరంగపట్నం పతనమైనప్పుడు దోచుకున్న వస్తువులలో అది ఒకటి. మన సొత్తును మనకు టికెట్టు లేకుండా చూపించడం ఔదార్యమా? ఈ ప్రశ్న మా నోటి దాకా వచ్చినది. మనుమడికి మాత్రం ఉన్నది ఉన్నట్లు చెప్పాము: దీనిని ఎవరు చేయించారు, ఎవరు తీసుకువచ్చారు, ఎట్లా తీసుకువచ్చారు అని. భూమి మీద సంచరించి, గతించినవారి పర్యవసానాన్ని గమనించమని దివ్య ఖుర్ఆన్ పలుమార్లు బోధిస్తున్నది. చూడడమంటే అందాన్ని మాత్రమే చూడడం కాదు కదా.

ఒకే ఒక్క దానికి మేము ఖర్చు చేశాము. వోకింగ్ పట్టణానికి రైలు టికెట్లు. బ్రిటన్ లో మసీదుగానే కట్టిన మొదటి కట్టడం అక్కడ 1889లో వెలసినది. భోపాల్ పాలకురాలు షాజహాన్ బేగం ప్రధాన దాత కావడంతో ఆమె పేరే దానికి నిలిచినది. ప్రక్కనే సర్ సాలార్ జంగ్ పేరిట ఒక స్మారక గృహం ఉన్నది. హైదరాబాదు పేరు అక్కడ చదివినప్పుడు పరాయి దేశంలో బంధువు ఎదురైనట్లయినది. తరువాతి స్టేషను బ్రూక్‌వుడ్. అక్కడి విశాలమైన శ్మశానవాటికలో ఖుర్ఆన్ ను ఆంగ్లంలోకి అనువదించిన ఇద్దరు మహనీయులు, అబ్దుల్లా యూసుఫ్ అలీ, మార్మడ్యూక్ పిక్థాల్ విశ్రమిస్తున్నారు. పిక్థాల్ పదేళ్ళ పాటు హైదరాబాదులో ఉన్నారు. చాదర్‌ఘాట్ పాఠశాలకు ప్రధానోపాధ్యాయులుగా పనిచేశారు. అనువాదం పూర్తి చేసేందుకు నిజాం ప్రభుత్వం ఆయనకు జీతంతో కూడిన సెలవు ఇచ్చినది. 1930లో అది వెలువడినది. ఆ సమాధుల వద్ద మేము దుఆ చేస్తూండగా అల్లుడు మెల్లగా అన్నాడు: "ఏడేళ్ళుగా ఇక్కడున్నాను. ఇది గంట దూరంలో ఉందని నాకు తెలియదు మామూ." ఆ మాటతో అతని మనసులోని బరువు దిగినదని మాకు అర్థమైనది.

ఇటువంటి ప్రయాణం తలపెట్టేవారికి మేము నేర్చుకున్న కొన్ని సంగతులు:

మొదటిది, రోజుకు ఒక్క చోటే చూడండి. టికెట్టు లేదు గనుక అలసిపోతే మధ్యలోనే వచ్చేయవచ్చు, మరునాడు మళ్ళీ వెళ్ళవచ్చు. డబ్బు పెట్టిన చోట ఈ స్వేచ్ఛ ఉండదు.

రెండవది, ఆహారం ఇంటి నుండే తీసుకువెళ్ళండి. ఖర్చు తగ్గడమే కాదు, హలాల్ గురించిన వెతుకులాట కూడా తప్పుతుంది.

మూడవది, బయలుదేరే ముందు ఆ సంస్థ వెబ్‌సైటు చూడండి. కొన్ని గదులు మరమ్మతుల కోసం మూసి ఉంటాయి. కొన్నిచోట్ల ఉచితమే అయినా ముందుగా సమయం నమోదు చేసుకోవలసి ఉంటుంది.

నాలుగవది, నమాజు వేళలను బట్టి దారిని నిర్ణయించుకోండి. మసీదు దగ్గరున్న చోటును ఎంచుకుంటే ఆందోళన ఉండదు.

చివరిది, అన్నింటికంటె ముఖ్యమైనది. పిల్లల ఇంట ఉన్నప్పుడు ధరలను పైకి లెక్కపెట్టకండి. పిల్లలారా, మీరు కూడా తల్లిదండ్రుల ముందు పరువు కోసం అప్పు చేయకండి. వారికి కావలసినది మీ ప్రక్కన బస్సులో ఒక సీటు.

తిరిగి వచ్చాక నలుగురూ అడిగారు, "ఆ పెద్ద చక్రం ఎక్కారా?" అని. ఎక్కలేదని చెప్పి, తివాచీ మీద వెలిగిన దీపాల సంగతి మొదలుపెట్టాము. విని లేచేసరికి వారి చాయ్ చల్లారిపోయినది. అల్లుడు ఆ కార్డు బాకీ తీర్చేశాడని గత నెల అమ్మాయి ఫోను చేసినది. ఉమ్రా సొమ్ములో మిగిలినది అట్లాగే ఉన్నది. ఇన్షా అల్లాహ్, వచ్చే ఏడాదికి దానికి మరికొంత చేర్చే ప్రయత్నంలో ఉన్నాము. మా కోసం దుఆ చేయండి.