రైలు వేళకు, గ్యాంగ్‌మన్ ప్రాణానికి పోటీ

రైలు పట్టా మార్చాలంటే ఆ లైనుపై కొంతసేపు రైళ్లను ఆపాలి. దీన్నే 'బ్లాకు' అంటారు. బ్లాకు ఇస్తే రైళ్లు ఆలస్యమవుతాయి; ఇవ్వకపోతే పట్టా పాడవుతుంది. ఈ రెంటి నడుమ ముందు నలిగేది కట్టమీద పనిచేసే గ్యాంగ్‌మన్, తర్వాత ప్రయాణికుడు.

2017 ఆగస్టు 19న ఉత్తరప్రదేశ్‌లోని ఖతౌలీ వద్ద బ్లాకు లేకుండానే మరమ్మతు సాగుతుండగా ఉత్కళ్ ఎక్స్‌ప్రెస్ వచ్చి పట్టాలు తప్పింది. 20 మందికి పైగా మరణించారు. ఉద్యోగాలు పోయినవారిలో గ్యాంగ్‌మన్‌లూ ఉన్నారు.

రైల్వే భద్రతపై కకోద్కర్ కమిటీ 2012లో ఇచ్చిన నివేదిక ప్రకారం, అంతకుముందు అయిదేళ్లలోపు విధినిర్వహణలో మరణించిన సిబ్బంది సుమారు 1,600 మంది.

పట్టాల పనికి కేటాయించిన వేళను రైళ్లకు మళ్లించరాదు. బ్లాకు నిరాకరించిన అధికారి కారణం రాసి ఇవ్వాలి. అప్పుడే తప్పంతా కిందివారి నెత్తిన పడకుండా ఉంటుంది.