జాడీలో సముద్రం

పగడం అనగానే మనకు గుర్తొచ్చేది మెడలోని పూస. మంగళసూత్రాల పక్కన, నల్లపూసల మధ్య రెండు పగడాలు గుచ్చుకోవడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. కుజదోషం పోవాలని ఉంగరంలో పొదిగించుకునేవారూ ఉన్నారు. ఆ ఎర్రటి పూస ఒకప్పుడు ప్రాణమున్న జీవులు కట్టుకున్న గూడు అన్న సంగతి మాత్రం బంగారు కొట్టులో ఎవరూ చెప్పరు. మనమూ అడగం. పగడం రాయి కాదు, చెట్టూ కాదు. గోరంత జీవులు కొన్ని వేలు కలిసి ఒకచోట అంటిపెట్టుకుని, సముద్రపు నీటిలోని సున్నంతో తమ చుట్టూ తామే కట్టుకునే ఇల్లు అది.

ఆ జీవుల్ని సముద్రం నుంచి తెచ్చి, ఇంట్లో ఏళ్ల తరబడి మొట్టమొదట బతికించి చూపినది ఎవరంటారు? ఏ విశ్వవిద్యాలయపు పండితుడో అనుకుంటాం. కాదు, లండన్‌లో ఒక ఇల్లాలు. పేరు ఆనా థిన్. ఆమె వాడిన పరికరాలు కూడా చెప్పాలి: ఒక రాతి జాడీ, ఒక సూది, కాస్త దారం.

ఆనా 1806లో పుట్టారు. భర్త లార్డ్ జాన్ థిన్ వెస్ట్‌మినిస్టర్ ఆబీ చర్చిలో పెద్ద హోదాలో ఉన్న మతగురువు. పెద్ద కుటుంబం, వచ్చేపోయే అతిథులు, పిల్లల చదువులు. వీటి మధ్య ఆమెకు రాళ్ల మీద, శిలాజాల మీద ఆసక్తి. 1846లో ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని టోర్కీ అనే ఊరికి వెళ్లినప్పుడు సముద్రపు రాళ్ల సందుల్లో బతికున్న పగడాలు కనిపించాయి. చిన్న గిన్నె ఆకారంలో ఉండే, చల్లటి నీళ్లలో ఒంటరిగా బతికే రకం. వాటిని మాడ్రెపోర్లు అనేవారు. శిలాజంగా తనకు తెలిసినది ప్రాణంతో కదులుతూ కనిపించేసరికి ఆమెకు వాటిని లండన్ తీసుకెళ్లాలనిపించింది.

ఎలా తీసుకెళ్లడం? మన ఊరగాయ జాడీ లాంటి రాతి జాడీలో సముద్రపు నీళ్లు పోసి వాటిని వేశారు. బండి కుదుపులకు అవి జాడీ గోడలకు కొట్టుకుని చితికిపోతాయి కదా! ఆనా ఒక పెద్ద స్పాంజి తీసుకుని, పగడాల్ని ఒక్కొక్కటీ సూదీ దారంతో దానికి కుట్టేశారు. కదలవు, చుట్టూ నీళ్లూ ఆడతాయి. బొత్తాం కుట్టడం వచ్చిన చెయ్యి గనుక ఆ ఆలోచన వచ్చింది. ఆ కాలంలో మగ శాస్త్రవేత్తలు సముద్రజీవుల్ని సారాయిలో వేసి తెచ్చేవారు. చచ్చినవాటిని కోసి చూసేవారు.

లండన్ చేరాక అసలు కష్టం మొదలైంది. సముద్రం ఎంతో దూరం. తెచ్చుకున్న ఉప్పునీళ్లు కొద్ది. నీళ్లు మార్చకపోతే అందులోని ప్రాణవాయువు అయిపోయి జీవులు చస్తాయి. ఆనా ఒక ఉపాయం చేశారు. వాడిన నీటిని తీసి, తెరిచిన కిటికీ ముందు నిలబడి, ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి పోయడం. మనం కాఫీ చల్లారడానికి గ్లాసులోంచి గ్లాసులోకి తిరగబోస్తాం చూడండి, అచ్చంగా అలాగే. నీళ్లు గాల్లోంచి పడుతుంటే గాలిని కలుపుకుంటాయి. ఒక్కోసారి అరగంట, ముప్పావుగంట అలా తిరగబోస్తే నీళ్లు మళ్లీ పగడాలకు పనికొచ్చేవి. ఈనాడు అక్వేరియంలో కరెంటుతో బుడగలు వదిలే చిన్న మోటారు చేసే పని ఇదే.

ఇక్కడే ఆగి ఒక మాట అనుకోవాలి. ఆ తిరగబోసింది ఆనా కాదు. ఇంట్లో పనిచేసే అమ్మాయి. పదమూడేళ్ల తర్వాత ఆనా తన అనుభవాన్ని రాసినప్పుడు ఈ పనిపిల్ల ప్రసక్తి తెచ్చారు. అది శ్రమతో కూడిన పనేనని ఒప్పుకున్నారు. అయితే ఆ పిల్ల దాన్ని ఒక ఆటలాగే తీసుకుందని రాశారు. పేరు మాత్రం రాయలేదు.

ఆ వాక్యం దగ్గర మనకు కాస్త గుచ్చుకోవాలి. ఎందుకంటే ఇది మనం కూడా అనే మాటే. ‘మా పనమ్మాయికి మా పిల్లాణ్ని ఆడించడమంటే ఎంత సరదానో’ అంటాం. ‘దానికి పనిలా అనిపించదండీ, మా ఇంట్లో మనిషిలా ఉంటుంది’ అంటాం. పనిచేసే మనిషిని అడిగి అంటున్నామా? చలికాలం లండన్‌లో, తెరిచిన కిటికీ ముందు, ముప్పావుగంటసేపు తడి చేతులతో నిలబడటం ఆటా కాదా అన్నది ఆ చేతులున్న మనిషే చెప్పాలి. ఆనా పేరును చరిత్ర చాలాకాలం మరిచిపోయిందని మనకు బాధ. ఆనా చేతికింది మనిషి పేరు ఏ పుస్తకంలోనూ చేరకుండా పోయింది, ఆ బాధ ఎవరిది?

1847 వసంతకాలంలో ఆనా టోర్కీ నుంచి సముద్రపు నాచు అంటుకుని ఉన్న రాళ్లు, గవ్వలు తెప్పించి నీళ్లలో పెట్టారు. నాచు వెలుగులో ప్రాణవాయువు వదులుతుంది, జీవులు వదిలిన మలినాన్ని తింటుంది. క్రమంగా జాడీ తన కాళ్ల మీద తాను నిలబడింది. 1849 నాటికి లండన్ నడిబొడ్డున, సముద్రం ఆనవాలు లేనిచోట, గాజు పాత్రల్లో పగడాలు బతకడమే కాదు, పిల్లల్ని కూడా పెట్టాయి.

కానీ అక్వేరియం చరిత్ర తెరిస్తే ముందు వినిపించేవి వేరే పేర్లు. 1850లో మంచినీటి తొట్టిలో చేపకీ మొక్కకీ జత కుదిరితే నీళ్లు చెడవని రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ ప్రకటించారు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో గాజు తొట్లతో ‘ఫిష్ హౌస్’ తెరిచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ ‘ది అక్వేరియం’ అనే పుస్తకం రాశారు, ఆ మాట ఇంటింటికీ చేరింది. ఆనా నోట్సు 1859లో, అదీ గాస్ పూనికతో, ఒక శాస్త్ర పత్రికలో అచ్చయింది. ఆమె సంగతి విడమరచి చెప్పే పుస్తకం ఒకటి రావడానికి 2003 దాకా పట్టింది. రాసింది రెబెకా స్టాట్, ఆవిడా మహిళే.

ఆనా కన్నా ముందు మరొకామె ఉన్నారు. ఫ్రాన్స్‌లో చెప్పులు కుట్టేవారి ఇంట పుట్టి, పారిస్ వచ్చి దుస్తులు కుట్టి, రాకుమారి పెళ్లి గౌనుకు ఎంబ్రాయిడరీ చేసి పేరు తెచ్చుకున్న ఝాన్ విల్‌ప్రో. పెళ్లి చేసుకుని సిసిలీ చేరాక 1832లో గాజు తొట్లు చేయించి, ఆర్గొనాట్ అనే ఆక్టోపస్ జాతి జీవిని అందులో పెంచి గమనించారు. దాని గుల్ల ఎవరి దగ్గరో దొంగిలించినదని అప్పటిదాకా చాలామంది పండితులు నమ్మేవారు. గుల్లకు చిల్లులు పెట్టి, అది తనంతట తానే ఎలా మరమ్మతు చేసుకుంటుందో చూసి, ఆ గుల్ల దాని సొంత కట్టడమేనని ఆమె రుజువు చేశారు. ఆమె సేకరణలు, కాగితాలు చాలా భాగం ఓడ మునిగి సముద్రం పాలయ్యాయి. 1997లో శుక్రగ్రహం మీద ఒక బిలానికి ఆమె పేరు పెట్టారు. చిత్రం చూడండి, ఇద్దరికీ పనికొచ్చింది సూదే.

గాస్ పుస్తకం తర్వాత ఇంగ్లండ్‌లో అక్వేరియం పిచ్చి పట్టుకుంది. బుట్టలు, ఉలులు పట్టుకుని జనం తీరాల మీద పడ్డారు. రాళ్ల గుంటల్లో ఉన్నవన్నీ గీకి పట్టుకుపోయారు. తెచ్చినవాటిలో అధికభాగం కొన్ని రోజుల్లోనే చచ్చాయి. తన తండ్రి పుస్తకాలు చదివి వచ్చిన జనమే ఆ తీరాన్ని పాడు చేశారని ఆయన కొడుకు ఎడ్మండ్ గాస్ 1907లో ‘ఫాదర్ అండ్ సన్’లో దిగులుగా రాశారు.

ఈ పాత కథ ఇప్పుడెందుకంటే, జాడీ మళ్లీ వచ్చింది. నాలుగైదు లీటర్లు పట్టే గాజు జాడీ, అడుగున ఇసుక, ఒక రాయి, దాని మీద రంగురంగుల మెత్తని పగడాలు, పైన ఎల్‌ఈడీ దీపం, పక్కన బుడగల గొట్టం. బల్ల మీద పెట్టుకునే పగడపు దిబ్బ! చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. పెంచడం మాత్రం పసిబిడ్డను సాకినట్టే. వెచ్చని సముద్రాల పగడాల ఒంట్లో కంటికి కనపడని నాచు ఉంటుంది, వాటికి తిండి పెట్టేది అదే. అందుకే వెలుగు కావాలి, వేడి 25, 26 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. లీటరు నీటికి 35 గ్రాముల ఉప్పు. నీళ్లు ఆవిరైతే ఉప్పు పోదు, నీరే పోతుంది. కాబట్టి తగ్గినంత మేరకు రోజూ శుద్ధమైన మంచినీరు పోయాలి. ఉప్పునీరు పోశారో, జాడీ ఉప్పు కషాయమవుతుంది. వారానికోసారి నీళ్లు మార్చాలి. పెద్ద తొట్టిలో చిన్న పొరపాటు కలిసిపోతుంది, జాడీలో ఒక్కపూట మరుపు చాలు. మన ఇళ్లలో కరెంటు పోయే వేళలు కూడా లెక్కలోకి తీసుకోండి. ఇంకొకటి, ఇలా అమ్మే మెత్తని పగడాల్లో కొన్నిటిలో భయంకరమైన విషం ఉంటుంది. ఆ రాళ్లను వేడినీళ్లతో కడగబోయి ఆవిరి పీల్చి, ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో ఉన్నాయి. పిల్లలు తిరిగే ఇల్లు గదా.

మన దేశంలో దీనికి చట్టం కూడా అడ్డం. 2001లో దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నిటినీ, సముద్రపు విసనకర్రల్నీ వన్యప్రాణి రక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో, అంటే పులి ఉన్న జాబితాలో చేర్చారు. విహారయాత్రకు వెళ్లి ఎండిన ముక్క సంచిలో వేసుకొచ్చినా నేరమే. మూడేళ్లకు తగ్గని జైలు రాసి ఉంది. ఇది అతి అనిపిస్తే మన్నార్ సింధుశాఖ సంగతి చూడండి. అక్కడ దశాబ్దాలపాటు పగడాల్ని తవ్వి సున్నానికీ, కట్టడాలకీ వాడారు. అలలకు అడ్డుగోడ పోయింది. అక్కడి 21 దీవుల్లో రెండు నీట మునిగాయి. లక్షద్వీప్‌లో 1998, 2010, 2016, 2024లలో సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబోయాయి. ఒంట్లోని నాచు వెళ్లిపోతే కనిపించే ఆ తెలుపు ఆకలి తెలుపు. 2024 ఏప్రిల్‌లోనే, ప్రపంచమంతటా ఇలా జరగడం ఇది నాలుగోసారి అని శాస్త్రజ్ఞులు ప్రకటించారు. సముద్రపు అడుగులో నూటికి ఒక వంతు కూడా లేని ఈ దిబ్బల మీద ఆధారపడి సముద్రజీవుల్లో దాదాపు పాతిక శాతం జాతులు బతుకుతున్నాయి.

కాబట్టి మా అభిప్రాయం సూటిగా చెబుతాం. పగడాల జాడీ మనకొద్దు. ఆనా చేసిన పని చూసి ముచ్చట పడవచ్చు, ఆవిడ తెచ్చినవి తీరంలో విరివిగా దొరికే రోజులవి. ఇవాళ వాటిని అక్కడే ఉండనివ్వడం కన్నా మనం చేయగలిగింది లేదు.

అయినా ఆవిడ చూసిన వింత మన వంటింటి కిటికీలోనే చూడవచ్చు. ఊరగాయ అయిపోయి ఖాళీగా ఉన్న గాజు జాడీ ఒకటి తీసుకోండి. సబ్బు వాసన పోయేదాకా కడగండి. అడుగున రెండు గుప్పెళ్ల కడిగిన ఇసుక, చెరువు నాచు నాలుగు రెమ్మలు, రెండు నత్తలు, నిండా చెరువు నీళ్లు. కుళాయి నీళ్లయితే ఒక రోజు బయట నిలవుంచి పోయండి. చేపలు వేయకండి, వాటికి చోటు చాలదు. ఎండ నేరుగా పడని వెలుతురులో పెట్టండి. దోమలు గుడ్లు పెట్టకుండా ఊరగాయకు కట్టినట్టే పల్చటి గుడ్డతో వాసెన కట్టండి. మధ్యాహ్నం వేళ నాచు ఆకుల నుంచి సన్నని బుడగలు పైకి లేస్తాయి. 1847లో ఆనా కనిపెట్టుకుని కూర్చున్నది ఆ బుడగల కోసమే. పుస్తకంలో కిరణజన్య సంయోగక్రియ అని బట్టీ పట్టే పిల్లకు అదేమిటో ఆ పూట తెలుస్తుంది.

తగ్గిన నీళ్లు పోయడం, ఎండిన ఆకు తీయడం, గాజు తుడవడం రోజూ ఉండే పనే. ‘పిల్లల సరదా’ అని మొదలైన ఇలాంటివన్నీ పది రోజుల్లో అమ్మ పనుల్లో, ఆ తర్వాత పనిమనిషి పనుల్లో కలిసిపోతాయని మనందరికీ తెలుసు. అందుకని మొదటిరోజే ఇంట్లో అందరికీ వంతులు వేయండి. మగపిల్లలకీ, వారి నాన్నగారికీ కూడా. ఎవరి రోజు ఏదో ఒక కాగితం మీద పేర్లు రాసి, జాడీ పక్కన గోడకు అంటించండి.